వెనక గదికి రావలసిన వారెంటు

పాస్టరుగారూ, బస్సు డిపో మిత్రులారా, ఆల్డర్ వీధి పెద్దలారా, పనులు మానుకుని వచ్చారు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మా అమ్మ ఇంకా మాట్లాడే స్థితిలో లేదు. ఆమె తరఫున మేనకోడలిగా నేను నిలబడ్డాను.

రూఫస్ మామయ్య ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపాడు. పిల్లలు ఆలస్యం చేస్తే హారన్ కొట్టేవాడు కాదు, పేరు పెట్టి పిలిచేవాడు. "హారన్‌కి వీధంతా లేస్తుంది, పేరుకి వాడొక్కడే లేస్తాడు" అనేవాడు. మీలో ఎవరి బిడ్డనైనా వదిలేసి వెళ్ళాడా?

ఆయన ఇంటి నెంబరు 418. పెరటి గది 418½. అందులో ఒకతను అద్దెకుండేవాడు, దానికి సందులోంచి వేరే తలుపు. కొత్త పోస్టుమాన్ రెంటి ఉత్తరాలూ మామయ్య పెట్టెలోనే వేసేవాడు. మామయ్య సందులోకి వెళ్ళి, మెట్టెక్కకుండానే కేకేసేవాడు: "ఏమయ్యా అరనెంబరూ, నువ్వు సగమే కానీ నీ ఉత్తరాలు నిండుగానే వచ్చాయి. బయటికి రా."

పోస్టుమాన్ వారంలో నేర్చుకున్నాడు. పోలీసులు నేర్చుకోలేదు. వారెంటులో ఉన్నది 418½. ఆ గది ఖాళీ అయి నాలుగు నెలలు. ఉదయం ఆరున్నరకి వాళ్ళు బద్దలుకొట్టింది 418. మామయ్య మొక్కజొన్న పిండి అట్లు వేసుకుంటున్నాడు. నివేదికలో "చేతిలో ఆయుధం" అని రాశారు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో మాత్రం "అట్లకాడ, ఒకటి" అని రాశారు.

పొరపాటు అంటున్నారు. మామయ్య బస్సు పొరపాటున ఒక బిడ్డను తాకి ఉంటే, ఆ పోలీసుల్లాగే ఆయనకీ జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టేవారా?

"పోలీస్" అని మూడుసార్లు అరిచామని కాల్చిన ఆ ఇద్దరు పోలీసులూ ప్రమాణం చేసి చెప్పారు. వాళ్ళ మీద కేసు నడవాలా వద్దా అని మంగళవారం జ్యూరీ తేలుస్తుంది. తేల్చేది ఆ కేక వేశారా లేదా అన్న ఒక్క మాటే. తలుపు విరిగిన చప్పుడు విన్నామనీ, కేక వినలేదనీ మీరే నాతో చెప్పారు. వంటింట్లో చెప్పారు, వరండాలో చెప్పారు. సాక్షిగా పేరివ్వమంటే, "మేమీ వీధిలోనే బతకాలి కదమ్మా" అన్నారు. నిజమే. ఆయనా ఈ వీధిలోనే బతికాడు.

ఇక లేచి నిలబడండి. నిమిషం వద్దు. ఎదురింటి గుమ్మం కెమెరాలో శబ్దం లేదు, బొమ్మే ఉంది. పోలీసు వ్యాను తలుపు తెరుచుకున్నాక మామయ్య కిటికీలో తూటా మెరుపు కనబడటానికి తొమ్మిది సెకన్లు. అంతసేపే మౌనంగా ఉందాం.

ఆ తర్వాత, కేక వినలేదని మంగళవారం చెప్పగలిగినవాళ్ళు కూర్చోకండి. మా లాయరుగారు కాగితం పట్టుకుని మీ దగ్గరికే వస్తారు.