గాలిపరుపు పెట్టె

(రిపేరు షాపు. పనిబల్లకు ఇటు వదిన, అటు మరిది. మధ్యలో కాలిన సర్క్యూటు బోర్డు.)

"అది కాదు చిన్నా, నేనడిగినదానికి నువ్వు జవాబు చెప్పలేదు. దీని మీద నీళ్లు పడ్డాయా, లేదా?"

"చూస్తున్నా కదా వదినా. ముందు మీరు ఆ స్టూలు లాక్కుని కూర్చోండి. దానికో కాలు పొట్టి, గోడకి ఆనించుకోండి."

"కూర్చోడానికి రాలేదు."

"నిలబడితే నాకు వెలుతురు అడ్డం."

"సరే, కూర్చున్నా. చెప్పు."

"ఇదిగో, ఈ నీలం బిళ్ల ఉందే, పగిలి పెంకులైపోయింది. కరెంటు ఎక్కువొస్తే ముందు తను తిని చచ్చేది ఇదే. పోయింది. ఈ రెసిస్టరు పోయింది. మీద రంగు గీతలు కూడా మిగల్లేదు, వట్టి బొగ్గు. ఇది ఎంతదో పక్కదాన్ని చూసి పోల్చుకోవాలి. ఈ కెపాసిటరు చూడండి, నెత్తి ఉబ్బింది."

"నీళ్లు పడితే ఉబ్బుతుందా?"

"ఉబ్బడానికి సవాలక్ష కారణాలుంటాయి."

"సవాలక్ష నాకొద్దు. ఒక్కటి చెప్పు."

"డాక్టరుని కూడా ఇలాగే అడుగుతారా మీరు?"

"అడిగాను. అత్తయ్యకి కాలిన మడమ ఎన్నాళ్లకి మానుతుందయ్యా అంటే, ఆయనా నీలాగే కళ్లజోడు తుడుచుకున్నాడు."

"అమ్మకెలా ఉంది?"

"నువ్వు రెండుసార్లు వచ్చావటగా ఆసుపత్రికి. గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయావని నర్సు చెప్పింది."

"షాపులో పని ఉండి..."

"ఊఁ. రేపు ఇంటికి పంపుతారు. నడుము విరిగి ఏళ్ల తరబడి మంచాన ఉన్న మనిషి, అటు తిరగలేదు, ఇటు తిరగలేదు. ఈ గాలిపరుపు లేకపోతే నాలుగు రోజుల్లో వీపంతా పుండవుతుంది. పరుపు కొత్తది తెచ్చారు. దానికి గాలి కొట్టే ఈ పెట్టె బాగుచేయించుకొస్తానని మీ అన్నయ్యకి చెప్పి వచ్చాను. చెప్పి అంటే, గోడకి చెప్పాను. ఆయన నాతో మాట్లాడి తొమ్మిది రోజులు."

"అన్నయ్య మామూలుగా మాత్రం ఎప్పుడు మాట్లాడాడు. నోటీసు అంటించి వెళ్లిపోయినట్టే కదా."

"నవ్వించకు. నవ్వు రావట్లేదు. అత్తయ్య గదిలోకి అడుగు పెట్టొద్దన్నారు. జీతానికి మనిషిని కుదిర్చారు. రేపు మీ అక్కయ్య కూడా వస్తోంది. అందరూ కూర్చుని తేలుస్తారట."

"ఏం తేలుస్తారు?"

"నేను పెట్టె మీద నీళ్లు ఒలకబోశానని, అందుకే అది అంటుకుందని. నిర్లక్ష్యంగా చంపబోయానని. మీ అన్నయ్య మాటే అది. చంపబోయానని."

"కోపంలో ఏదో అనుంటాడు."

"నాకు ఒలకబోసినట్టు గుర్తు లేదు చిన్నా. ఆరోజు పొద్దున ఆవిడకి ఒళ్లు తుడిచాను. బేసిను పట్టుకెళ్లి పారబోశాను. అంతే గుర్తు. కానీ అత్తయ్య కళ్లారా చూశానంటోంది. బేసిను ఒరిగింది, పెట్టె మీద పడింది, చూశాను అంటోంది. ఆవిడకి నడుమే పోయింది కానీ కళ్లు బానే ఉన్నాయి, బుర్రా బానే ఉంది. ఎనిమిదేళ్లు నా చేతి ముద్ద తిన్న మనిషి, నా మీద లేనిది ఎందుకు చెబుతుంది? అందుకే నా మీద నాకే అనుమానం. గిన్నెలు తోముతూ తోముతూ చేతులు చూసుకుంటున్నా. పోసి మర్చిపోయానా అని. నీకీ పని తెలుసు కాబట్టి అడుగుతున్నా. నేనే చేసుంటే రేపు అందరి ముందూ ఒప్పుకుంటా, ఆవిడ కాళ్లు పట్టుకుంటా. చెయ్యకపోతే ఆ మాట నాకు తెలియాలి. అంతే."

"తేమ... తేమ చేరి ఉండొచ్చు వదినా."

"ఉండొచ్చా, ఉందా?"

"కాలిపోయాక తేమ ఎక్కడ కనిపిస్తుంది?"

"అయితే నీళ్లే."

"నీళ్లని నేనన్లేదు. తేమన్నా."

"తేమకీ నీళ్లకీ తేడా ఏంటో చెప్పు."

"కొంచెం ఆ బ్రష్షు ఇటిస్తారా. ముందు ఈ మసి గీకాలి. బొగ్గయిన చోట కూడా కరెంటు పాకుతుంది. గీకకుండా కొత్తవి వేస్తే అవీ కాలతాయి."

"ఇంద. ఈ మూల ఏంటది? అన్నీ నల్లబడితే ఇదొక్కటే ఎర్రగా మెరుస్తోంది."

"ఎక్కడ?"

"నీ వేలు అడ్డం తియ్యి. ఆ రెండు క్లిప్పుల మధ్య. రాగి తీగలా ఉంది."

"అది... అది కనెక్షను."

"అక్కడ చిన్న గాజు గొట్టం కదా ఉండాలి? మా పాత టీవీ విప్పినప్పుడు నువ్వే చూపించావు, ఫ్యూజని."

"మంటకి పగిలిపోయుంటుంది."

"గాజు పగిలితే తీగ ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మీరేమన్నా పోలీసా వదినా, ఒకటే ఆరా."

"కాదు. తొమ్మిది రోజులుగా ముద్దాయిని. సరే, నిన్ను విసిగించను. ఈ కాగితం మీద రాసివ్వు. నీళ్లు పడి కాలింది అని రాసి సంతకం పెట్టు. రేపు నేనే అందరికీ చదివి వినిపిస్తా. ఒక పని అయిపోతుంది."

"నా రాత మీకు తెలుసుగా. ఏడో తరగతితో అటకెక్కిన రాత."

"నాలుగు ముక్కలేగా. ఇదిగో పెన్ను."

"తర్వాత రాసిస్తా."

"ఇప్పుడే రాయి. ఎదురుగా కూర్చున్నా కదా."

"సరే... నీ..."

"'నీ' దగ్గరే ఆగిపోయావేం? నీళ్లు. 'ళ్లు' రాయడం రాదా?"

"రాయలేను వదినా."

"చేతికేమైంది?"

"దీని మీద నీళ్లు పడలేదు."

"ఏమన్నావ్?"

"పడలేదు. పడితే ఈ పార్టుల కాళ్ల దగ్గర పచ్చగా చిలుము పడుతుంది, బోర్డు మీద తెల్లటి మరక కడుతుంది. ఒక్క చుక్క జాడ లేదు. మూత విప్పగానే తెలిసింది. అబద్ధమెందుకు, విప్పకముందే తెలుసు. పొగొచ్చిందని ఫోనొచ్చిన ఆ నిమిషం నుంచీ తెలుసు."

"ఆ తీగ..."

"నేను వేసిందే. నాలుగు నెలల కిందట పెట్టె ఆగిపోయిందని పిలిచారు చూడండి, ఆరోజు. మీరు మందులకెళ్లారు. చూస్తే ఫ్యూజు పోయింది. ఆ సైజుది నా సంచిలో లేదు. పరుపు దిగిపోయి అమ్మకి కింద చెక్క తగులుతోంది. ఈ ఒక్క పూటకే కదా అని వైర్లోంచి ఒక పోగు లాగి బిగించాను. మా పన్లో అందరం చేసేదే. మర్నాడు మార్చేద్దామనుకున్నా."

"మర్నాడు ఎందుకు రాలేదు?"

"ఆ సాయంత్రం అన్నయ్య ఆఫీసు నుంచి వచ్చి నా భుజం తట్టాడు. పర్లేదురా, నువ్వూ ఒక పనికొచ్చావు అన్నాడు. నలభై ఆరేళ్లలో వాడు నన్నన్న మంచిమాట అదొక్కటే. మర్నాడు ఫ్యూజు జేబులో వేసుకుని మీ వీధి దాకా వచ్చాను కూడా. మళ్లీ మూత విప్పితే పక్కన నిలబడి చూస్తాడు, తీగ చూస్తాడు. వెనక్కి వెళ్లిపోయా. తర్వాత్తర్వాత... మరిచిపోయాననడం కూడా అబద్ధమే. ఏదైనా అనండి వదినా."

"మడమ ఎలా కాలింది?"

"కరెంటు పొంగింది. నీలం బిళ్ల తన పని తను చేసి చచ్చింది. ఫ్యూజుంటే చిటుక్కున తెగి అక్కడితో ఆగేది. తెగడమే దాని పని. తీగ తెగలేదు. బోర్డు కాల్చి, పెట్టె కాల్చి, పరుపు అంచు పట్టుకుని అమ్మ కాలి దాకా పాకింది. అన్నీ మార్చి ఇస్తా. అసలైన ఫ్యూజే వేస్తా, మీ కళ్లముందే. రేపు నేనే వచ్చి అందరి ముందు చెబుతా."

"చెబుదువుగాని. ముందు నాకొకటి చెప్పు. ఆరోజు నేను మందులకెళ్లాను, మీ అన్నయ్య ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో ఇంకెవరూ లేరు."

"లేరు."

"ఆ గదిలో మిట్టమధ్యాహ్నమే చీకటి. ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో తీగ. నీకు లైటెవరు పట్టారు?"

"వదినా, అదిప్పుడు ఎందుకు..."

"ఎవరు పట్టారు చిన్నా?"

"పెట్టె మంచం మీదే పెట్టుకున్నా, అమ్మ పక్కన. టార్చి అమ్మే పట్టుకుంది. అన్నయ్యకి చెప్పన్లేరా, కానియ్యి అంది."