టార్కిల్ కుచ్చిళ్ళు

ఆగాగు, అలా దబ్బున కూలబడకురా ఫర్కర్! ఇంకా గుండుసూదులు తియ్యలేదు, గుచ్చుకుంటే నన్ననకు. అయినా మోకాళ్ళదాకా గళ్ళ గుడ్డ చుట్టి కిల్టు కట్టుకున్నవాడు అలాగా కూర్చునేది? వెనక్కి చెయ్యి పోనిచ్చి, కుచ్చిళ్ళు కిందికంటా సర్దుకుని, అప్పుడు కూర్చోవాలి. లేకపోతే నలిగి ముద్దయిపోతాయి. నేనేమో కళ్ళు పోగొట్టుకుని కుట్టడం, నువ్వేమో బస్తా దించినట్టు దిగబడటం. సరే, కూర్చున్నావుగా, ఇంక ఉండు. ఆ ఓట్స్ రొట్టె తీసుకో, వెన్న రాసుకో, మొహమాటం దేనికి? ఏంటీ? మీ తాతయ్య రోజూ ఇదే కట్టేవాడా అనా? రోజూనే. పేడ ఎత్తడానికి ఇదే, చర్చికి ఇదే, పడవలో ఇదే. సిగ్గేసేది కాదా అంటావా... ఆఁ, అదీ నువ్వడగాలనుకున్న మాట. ఇందాకట్నుంచీ నీ చెవులు చూస్తూనే ఉన్నాను, ఎర్రగా కందిపోయున్నాయి. తాతయ్య కిల్టు నీకు సరిచేయించుకుంటున్నావని నిన్న ఆ సారా కొట్టులో నీ దోస్తులు నవ్వారటగా. ఈ ఊళ్ళో ఎవరు తుమ్మినా నాకు తెలుస్తుందిరా అబ్బాయ్.

సిగ్గేసేదిరా, ఎందుకెయ్యదూ! మా అన్నయ్యకి, అదే మీ తాతయ్య టార్కిల్‌కి ఉన్నంత సిగ్గు ఈ తీరంలోనే ఎవరికీ లేదు. అందరూ ఏమనుకుంటారంటే, వాడికి లెక్కలేనితనం, పొగరు అని. పొగరా వల్లకాడా. పొద్దున్నే తలుపు తీసే ముందు గడియ మీద చెయ్యేసి కాసేపు అలా నిలబడేవాడు. చన్నీళ్ళలోకి దిగబోయేవాడిలాగా. తర్వాత దిగేవాడు. అంతే. ఎందుకన్నయ్యా నీకీ బాధ, అందరిలాగా ప్యాంటు తొడుక్కుని తిరగరాదా అంటే ఒక్కోసారి ఒక్కో జవాబు. ప్యాంటు తొడలకి ఒరుసుకుంటుంది అనేవాడు ఓసారి. ఇంకోసారి, తడిసిన ప్యాంటు సాయంత్రందాకా ఆరదు, తడిసిన మోకాళ్ళు గుమ్మంలోకి వచ్చేసరికి ఆరిపోతాయి అనేవాడు. ఒక్కసారి మాత్రం, ఎందుకో విసుగొచ్చి అన్నాడు చూడూ, "మీరంతా పెళ్ళికి కడతారు, చావుకి కడతారు. ఈ రెంటికీ మధ్యన బతుకు లేదా ఏంటి?" అని. మా అమ్మ గరిటె అక్కడే వదిలేసి వాడికేసి చూసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఊరు ఊరుకుంటుందా మరి? చేపల రేవులో పోగయ్యే ఆ వెధవలు, గాలి ఎప్పుడొచ్చి వాడి కిల్టు లేపుతుందా అని కాచుక్కూచునేవాళ్ళు. ఆగస్టులో ఆ చిన్న చిన్న దోమలు ఉంటాయి చూడు, అవి మోకాళ్ళ మీద విందులు చేసుకునేవి. "టార్కిల్, ఇవాళ దోమలకి ఏం వండావోయ్?" అని అరిచేవాళ్ళు. ఇంక ఆ మాట సరేసరి, లోపలేం వేసుకుంటావు అని. ప్రతివాడూ తనే మొదటిసారి కనిపెట్టినట్టు అడిగేవాడు. మా అన్నయ్య చెవులు ఎర్రగా చేసుకునే, గొంతు మాత్రం నిమ్మళంగా, "పోస్టాఫీసులో మిసెస్ లెకీని కూడా అడిగావా ఈ మాట? ఆవిడా నాలాంటిదే కట్టుకుంటుంది మరి" అనేవాడు. మిసెస్ లెకీ అంటే ఎవరనుకున్నావు, ఆవిడ చూపు తగిలితే పాలు విరిగిపోయేవి. అడిగినవాడు పోస్టాఫీసుకేసి ఓ చూపు చూసి జారుకునేవాడు.

లే, ఓసారి నిలబడు. ఈ పట్టీ ఇంకో చిల్లు బిగించాలేమో చూస్తా. మీ తాతయ్య కంటే సన్నం నువ్వు. వాడు వంటవాడుగా మరి, సరుకుల ఓడ మీద వంట. తన వంట తనే రుచి చూసుకునేవాడు, బాగా. ఓడ దిగితే మళ్ళీ కిల్టే. ఎన్ని రేవులు తిరిగాడో. ఒక చోట వేషగాడనుకున్నారట, ఒక చోట ఎవరో దొరగారనుకుని కుర్చీ వేశారట. కుర్చీ వేశారు కదా అని వీడు కూర్చున్నాడు, అసలు దొరగారొచ్చి నిలబడ్డాడు! సోమవారం నువ్వు పడవెక్కి వెళ్ళే ఆ నార్వే బెర్గెన్‌లో ఏమైందంటే... అది వద్దులే, అక్కడంతా వానే, జనం గొడుగుల కింద తలొంచుకుని పోతుంటారు, మోకాళ్ళు ఎవరు చూస్తారు. రంగూన్ సంగతి చెప్పాలి నీకు. అక్కడ మగాళ్ళంతా నడుముకి గుడ్డే కడతారట. మనవాడు ఓడ దిగి, నవ్వుతారేమో అని ఊపిరి బిగబట్టి వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే, ఒక్కడంటే ఒక్కడు తలెత్తి చూళ్ళేదట. "ఎక్కడికెళ్ళినా నవ్వారు చెల్లీ, అక్కడసలు కనిపించనే లేదు నేను, ఎంత చిన్నతనమేసిందో" అన్నాడు. సిగ్గుపడేవాడి సంగతి చూడు! చివరికి ఒక టీకొట్టు పెద్దాయన పిలిచి, వీడి మోకాళ్ళకేసి చూపించి, అయ్యో పాపం, గుడ్డ చాల్లేదా నాయనా అన్నట్టు మొహం పెట్టి, ఊరికే టీ ఇచ్చాడట. వీడికి పౌరుషం వచ్చింది. చాలకపోవడమేంటని వెనక కుచ్చిళ్ళు ఒక్కొక్కటే విప్పదీసి చూపించాడు. ఎనిమిది గజాల గుడ్డాయె! వీధి వీధంతా పోగై వేళ్ళతో కొలిచారట. ఆ పెద్దాయన లెంపలేసుకుని ఇంకో టీ పోశాడట. చెప్పి చెప్పి నవ్వేవాడు మీ తాతయ్య.

ఆఁ, ఏం చెబుతున్నాను... ఊనా. మీ నాయనమ్మ. రొట్టెల దుకాణంలో పనిచేసేది అప్పుడు. వీడు ఓడ దిగి వచ్చినప్పుడల్లా మా ఇంట్లో తినేవాళ్ళకంటే రొట్టెలే ఎక్కువుండేవి, మరి ఊరికే వెళ్ళి నిలబడితే బాగుండదుగా. ఆ పిల్లకీ ఇష్టమే. ఇద్దరూ ఒకరోజు ఇన్వర్నెస్ పట్నం వెళ్ళారు, సరదాగా. అక్కడ టూరిస్టు బస్సు ఆగింది. దిగినవాళ్ళంతా కెమెరాలు పట్టుకుని మనవాడి చుట్టూ మూగారు. గోడకి ఆనించారు, చెయ్యిలా పెట్టు, గడ్డం ఎత్తు. వీడికేమో వద్దని చెప్పడానికి కూడా మొహమాటం. ఆ మూకలో ఒకావిడ ఊనా భుజం మీద చెయ్యేసి, "కాస్త పక్కకి జరుగుతావామ్మా, ఫొటోలో పడుతున్నావు" అంది. జరిగింది పాపం. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో కిటికీకేసి తిరిగి కూచుంది. మా గుమ్మం దగ్గర దిగాక అంది, "టార్కిల్, నీ పక్కన నడిస్తే నేను కనిపించను, నువ్వూ కనిపించవు. నీ గుడ్డే కనిపిస్తుంది. నాకు మనిషి కావాలి. శనివారం మా ఇంటికి భోజనానికి రా, మా నాన్నతో మాట్లాడు. ప్యాంటు వేసుకొస్తేనే రా" అని. నేను తలుపు వెనకాలే ఉన్నాలే. వినకూడదని నాకేం తెలుసు? మా అన్నయ్య లోపలికొచ్చి, పొయ్యి ముందు కూచుని, "చెల్లీ, నాకెవరైనా ప్యాంటు అరువిస్తారేమో కనుక్కో" అన్నాడు. ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే.

ఇచ్చారు. రేవు మేస్త్రీ ఇచ్చాడు, బూడిదరంగుది. అంచులు నేనే విప్పి దించాను, అప్పుడే కుట్టు నేర్చుకుంటున్నాను. నన్నూ పిలిచారు కాబట్టి వెంట బయల్దేరాను. ఇంక ఊళ్ళో వింత చూడాలి! రేవులో ఆ వెధవలంతా ఒక్కసారి నోరు మూసేశారు. ఒకడైతే శవం పోతున్నట్టు టోపీ తీశాడు. మిసెస్ లెకీ పోస్టాఫీసు గుమ్మంలోకి వచ్చి, "ఏమైందమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా..." అని నా చెయ్యి పట్టుకుంది. ఎవరికీ ఏం కాలేదండీ, మా అన్నయ్య పెళ్ళిచూపులకి వెళ్తున్నాడు అంటే నమ్మదే! ఇన్నాళ్ళు నవ్వినవాళ్ళే, ఆ రోజు నవ్వడానికి ఏమీ దొరక్క దిక్కులు చూశారు. వీడు మాత్రం ఎవరికేసీ చూడకుండా గబగబా నడిచాడు. వాడి చెవులు చూశాను. తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు చూసి నాకేడుపొచ్చింది.

ఊనా వాళ్ళ నాన్న ఈనియస్ మథీసన్, చర్చి పెద్ద. మనిషి నిట్రాట. గుమ్మంలో నిలబడి కిందనుంచి పైదాకా చూసి, "ఊఁ, మంచిది. ఇప్పుడు మనిషిలా ఉన్నావు. కిల్టు కోటలో దొరగారు కడతారు, హోటల్ ముందు బాకా ఊదేవాడు కడతాడు. ఆ ఇద్దర్లో నువ్వెవరివని అడుగుదామనుకున్నాను ఎన్నాళ్ళనించో" అన్నాడు. మా అన్నయ్య, "నేను వంటవాణ్ణండీ" అన్నాడు మెల్లిగా. బల్ల మీద మాంసం పులుసు, బంగాళాదుంపలు పొగలు కక్కుతున్నాయి. రా కూర్చో అన్నారు. అప్పుడురా ఫర్కర్... అప్పుడు మా అన్నయ్య కుర్చీ ముందు నిలబడి, చెయ్యి వెనక్కి పోనిచ్చి, లేని కుచ్చిళ్ళు ఇలా కిందికంటా సర్దుకుని, కూర్చున్నాడు. తనకే తెలీలేదు. ఎంత శ్రద్ధగా సర్దుకున్నాడనుకున్నావు! ఈనియస్ చూశాడు. నేను చూశాను. ఊనా పులుసు వడ్డిస్తోంది, గరిటె గాల్లోనే ఆగిపోయింది. మొదట నవ్వొచ్చింది ఆ పిల్లకి, పక్కున. తర్వాత ఆ నవ్వు కాస్తా ఎటో పోయి కళ్ళ నిండా నీళ్ళు. గరిటె పెట్టేసి, "టార్కిల్, లే. ఇంటికెళ్ళి నీ బట్టలు కట్టుకునిరా" అంది. వాడికర్థం కాలేదు. "నువ్వే కదా..." అన్నాడు. "నేనే. మనిషి కావాలన్నాను. ఆ మనిషిని గుమ్మం బయట వదిలేసి వచ్చావు. వెళ్ళి తీసుకురా. పులుసు చల్లారనివ్వను." ఈనియస్ ఏదో అనబోయాడు. "నాన్నా, నువ్వు తిను" అంది. తిన్నాడు, ఏం చేస్తాడు మరి! మా అన్నయ్య పరిగెత్తాడురా. వంతెన మీదుగా పరిగెత్తి, కిల్టు కట్టుకుని మళ్ళీ పరిగెత్తి వచ్చాడు. రేవులో వాళ్ళు చూసి కేకలే కేకలు, ఈలలు, చప్పట్లు. ఊరికి ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళికి ఈనియస్ కూడా వాళ్ళ తాతగారి కిల్టు పెట్టెలోంచి తీసి కట్టుకొచ్చాడు, కలరా ఉండల వాసనేసుకుంటూ. కుచ్చిళ్ళు ముందుకి పెట్టి కట్టాడు మహానుభావుడు! చర్చి పెద్దకి ఎవరు చెబుతారు? మా అన్నయ్యే భుజం మీద చెయ్యేసి తలుపు చాటుకి తీసుకెళ్ళి తిప్పి కట్టి తీసుకొచ్చాడు. ఏమీ జరగనట్టే ఉన్నారిద్దరూ. ఆనాటినుంచీ ఆయన మా అన్నయ్యని ఒక్క మాట అంటే ఒట్టు. తర్వాత ఊనాని తీసుకుని ఇన్వర్నెస్ వెళ్ళినప్పుడల్లా కెమెరాలవాళ్ళు వచ్చేవాళ్ళు, ఇంకెక్కడికి పోతారు. అప్పుడు మా సిగ్గుల టార్కిల్, చెవులు మండిపోతున్నా సరే, "మా ఆవిడ మధ్యలో నిలబడితేనే ఫొటో" అనేవాడు. ఏ దేశంలో ఎవరి గోడ మీద ఉన్నాయో ఆ ఫొటోలు, అన్నిట్లోనూ మధ్యన మీ నాయనమ్మే. గర్వంగా ఉండేదట మొహం. నాతో చెప్పింది.

ఇదిగో, ఈ దారం తెంపితే అయిపోయింది. ఇలా వెలుతుర్లోకి రా. ముందు భాగం చూశావా, ఎంత పచ్చగా ఉందో! కొత్త గుడ్డ కాదురా, అదే. ఇన్నేళ్ళూ వెనక కుచ్చిళ్ళ లోపల ఉండిపోయింది, ఎండ పొడ తగల్లేదు. మీ తాతయ్య ముందు కట్టిన భాగం ఉప్పుగాలికి వెలిసిపోతే, మొత్తం విప్పేసి, జరిపి, ఆ వెలిసినదాన్ని నీ కుచ్చిళ్ళ లోపలికి మడిచాను. రంగూన్ ఎండంతా నీ వెనకాలే ఉంది ఇప్పుడు. కట్టుకెళ్ళమని నేను చెప్పను. నవ్వుతారు, అది మాత్రం నిజం. చెవులు ఎర్రబడతాయి, అది మన వంశమే. పొద్దున్నే గడియ మీద చెయ్యేసి కాసేపు నిలబడతావు. తర్వాత నీ ఇష్టం. సోమవారం పడవకి ఏం కట్టుకుంటావో నన్నడక్కు. కాళ్ళు నొప్పెడుతున్నాయేమో, ఎంతసేపు నిలబెట్టాను నిన్ను. సూదులన్నీ తీసేశాలే, రా, కూర్చో, టీ పో—

...

అబ్బాయ్, ఇప్పుడేం చేశావు? చేత్తో... కూర్చునే ముందు... ఏం లేదు. ఏం లేదులే. నీకు చక్కెర ఎన్ని చెంచాలు?