భూలక్ష్మి గొంతు ఎందుకు కోశారంటే

1952 మార్చి 12, బుధవారం. అమలాపురంలో మేజిస్ట్రేటు గారి ఎదుట ప్రమాణం చేసి చెబుతున్నాను.

నా పేరు గుత్తుల కాంతం. వయస్సు ఇరవై ఆరు ఉండవచ్చు. కాపురం రాజోలు తాలూకా చినమలికిలంక. కొబ్బరికాయలు వొలిచి పీచు తీసే కూలిపని చేస్తాను. చదువు రాదు. భర్త పేరు నోటితో చెప్పే అలవాటు లేనందువల్ల గుమాస్తా గారు సమన్లలో చూసి నూకరాజు అని రాసుకున్నారు. ఆయన కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీస్తారు. చనిపోయిన భూలక్ష్మి మా కూతురు. ఒక్కతే. దానికి నాలుగో ఏడు నడుస్తోంది.

ముద్దాయిగా ఉన్న డాక్టరు రాహేలు గారిని నేను ఎరుగుదును. మా లంకకి మైలు దూరంలో ఉన్న చిన్న మిషన్ ఆసుపత్రిలో రెండేళ్ళుగా పనిచేస్తున్నారు. ఆవిడతో మాకు పగ లేదు, బంధుత్వం లేదు. ఆవిడ తాతగారు మా ఊరి పొలాల్లో పాలేరుతనం చేశారని మా వాళ్ళు ఈ కేసు మొదలైనప్పటినుంచి పదేపదే అంటున్నారు. ఆ మాటకీ జరిగినదానికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 22, శుక్రవారం భూలక్ష్మికి జ్వరం తగిలింది. గొంతు నొప్పి అంది. మిరియాల కషాయం కాచి పోశాను, కక్కేసింది. శనివారం మెడ రెండువైపులా వాచింది. ఆదివారం తెల్లవారేసరికి ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులోంచి కూతలాంటి చప్పుడు రావడం మొదలైంది. నా భర్త ఇంట్లో లేరు. గోదావరి అవతల ఒక ఆసామి తోటలో దింపుకని రెండురోజుల ముందే వెళ్ళారు. నేనే పిల్లని చంకనేసుకుని మిషన్ ఆసుపత్రికి నడిచాను.

డాక్టరు గారు అప్పుడే చర్చినుంచి వచ్చారు. తెల్లచీరలో ఉన్నారు. పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చెంచా కాడతో నాలిక నొక్కి చూశారు. నన్ను కూడా చూడమన్నారు. లోపల బూడిదరంగు పొర ఉంది. తాటిముంజె మీది తొక్కలాగ అంటుకుని ఉంది.

"దీన్ని కంఠసర్పి అంటారు కాంతం. ఈ పొర కిందికి దిగుతోంది. దీని విషానికి విరుగుడు సూది ఉంది గాని, నా దగ్గర లేదు. అమలాపురం తీసుకెళ్ళాలి, ఇప్పుడే," అన్నారు.

"ఆయ్, తీసుకెళ్తానండీ," అన్నాను.

ఆవిడ ఒక తోలుసంచీలో ఏవో సర్దుతున్నారు. సన్నటి కత్తి చూశాను. వేలికన్నా సన్నగా, కొంచెం వంపు తిరిగిన వెండిగొట్టం చూశాను. ఆపరేషను చేస్తారా అని అడిగాను. మా ఇంట్లో ఆపరేషన్లు తెలుసు. నా భర్తకి బుడ్డ ఆపరేషను చేసి నీరు తీశారు. మా అత్తగారికి కంట్లో శుక్లం తీశారు. మా అక్కకి కడుపులో బిడ్డ అడ్డం తిరిగి చచ్చిపోతే, అక్కని బతికించడానికి ఆ బిడ్డని తీశారు.

"దీన్లోంచి ఏం తీసేస్తారండీ?" అని అడిగాను.

డాక్టరు గారు సంచీ మూసి నాకు ఎదురుగా కూర్చున్నారు. అంత తొందరలోనూ కూర్చున్నారు.

"అన్ని ఆపరేషన్లూ తియ్యడానికే కాదమ్మా. కుళ్ళిందుంటే తీస్తాం. తెగిందుంటే కలిపి కుడతాం. చీము పడితే అది బయటికి పోయేలా గాటు పెడతాం. రోగం ఏవిటో అంతుపట్టకపోతే లోపల చూడ్డానికి కూడా కోస్తాం. ఇది అవేవీ కాదు. పైన దారి మూసుకుపోతే, మెడ దగ్గర కిందగా చిన్న కన్నం చేసి ఈ గొట్టం పెడతాం. గాలి అందులోంచి వెళ్తుంది. సూది పనిచేసి పొర ఊడిపోయేక గొట్టం తీసేస్తాం, కన్నం దానంతటదే పూడుకుపోద్ది. అంత అవసరం రాకుండా అమలాపురం చేరాలనే నా ఆశ," అన్నారు.

నాకు సగమే అర్థమైంది. ఆవిడ సైకిలు మీద ఒక మనిషిని ముందు పంపారు, అవతలి రేవులో నా భర్తని ఎడ్లబండి కట్టించి ఉంచమని. మాతోపాటు ఆవిడ కూడా బయలుదేరారు. రమ్మని నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

పది గంటల ప్రాంతంలో గోదావరి వైనతేయ పాయ రేవులో పడవ ఎక్కాం. పడవ నడిపే అతని పేరు సాలమోను. మాతో ఒక కొబ్బరి వ్యాపారి, చేపలతట్టతో ఒక పెద్దావిడ ఉన్నారు. గాలి ఎదురుగా ఉంది. పడవ ముందుకి సాగడం లేదు. సాలమోను గెడ వేసి వేసి ఒళ్ళంతా చెమటతో తడిసిపోయాడు. భూలక్ష్మి నా ఒళ్ళో ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా దాని పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. గొంతు కింద కూడా గుంట పడుతోంది. ఏటి మధ్యకి వచ్చేసరికి కూత ఆగింది. తగ్గిందనుకున్నాను. తగ్గిందండీ అని డాక్టరు గారితో అన్నాను కూడా. ఆవిడ దాని పెదవులు చూశారు. నేరేడుపండు తిన్నట్టున్నాయి. కళ్ళు తేలేసింది.

"కాంతం, ఇటు నాకేసి చూడు. గాలి ఆగిపోయింది. అవతలి ఒడ్డు చేరేదాకా బతకదు. ఇప్పుడు కొయ్యాలి, ఇక్కడే. నువ్వు ఒప్పుకుంటేనే కోస్తాను," అన్నారు.

కొబ్బరి వ్యాపారి "వద్దమ్మా, ఆడపిల్ల, పీక మీద కత్తేవిటి" అన్నాడు.

నేను "కొయ్యండి" అన్నాను. మేజిస్ట్రేటు గారు ఈ మాట రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అదే చెప్పాను. డాక్టరు గారు నన్ను అడిగారు. నేను కొయ్యండి అన్నాను. నేనే అన్నాను. నాకు స్పృహ ఉంది.

సాలమోను గెడ దింపి పడవని నిలిపి, వచ్చి పిల్ల తల పట్టుకున్నాడు. డాక్టరు గారు తన పైకొంగు చుట్టచుట్టి దాని భుజాల కింద పెట్టారు. మెడ పైకి లేచింది. నేను కాళ్ళు పట్టుకున్నాను. అప్పటికి అది నొప్పి తెలిసే స్థితిలో లేదు. కత్తి పెట్టడం చూశాను. రక్తం ఆవిడ తెల్లచీర మీద పడింది. వేలితో తడిమి, ఇంకొంచెం కోసి, గొట్టం దూర్చారు. బుస్సుమని చప్పుడు వచ్చింది. భూలక్ష్మి రొమ్ము లేచింది. మళ్ళీ లేచింది. గొట్టాన్ని నాడాతో మెడ చుట్టూ కట్టారు.

దాని పెదవులు ఎర్రబడడం నా కళ్ళతో చూశాను. కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఏడ్చింది గాని చప్పుడు లేదు. నేను భయపడ్డాను.

"భయపడకు. గాలి కిందినుంచి పోతోంది, అందుకని గొంతు రాదు. గొట్టం తీసేక మళ్ళీ నీ పిల్ల గొంతు నీకు వినపడద్ది. ఒకటే జాగ్రత్త. ఇది ఊడకూడదు, దీన్ని మూయకూడదు. దాని ప్రాణం ఇప్పుడు ఇందులో ఉంది," అన్నారు.

ఆవిడ అప్పుడు పడవ అంచునుంచి వంగి ఏట్లో చేతులు కడుక్కున్నారు.

తరవాత ఒడ్డు చేరేదాకా నా కూతురు బతికే ఉంది. పెదవులతో నీళ్ళు అని అడిగింది. చప్పుడు లేకపోయినా నాకు తెలిసింది. తడిగుడ్డతో పెదాలు తడిపాను. నా బొటనవేలు పట్టుకుంది. గొట్టంలోంచి గాలి వెళ్ళడం, రావడం వింటూ కూర్చున్నాను. అది బతికే ఉంది. ఈ మాట సరిగా రాసుకోమని గుమాస్తా గారిని అడిగాను. కోసిన తరవాత అది బతికే ఉంది.

అవతలి రేవులో నా భర్త, ఆయన అన్నగారు కనకరాజు గారు, ఇంకా జనం ఉన్నారు. పడవ ఒడ్డుకి ఇంకా తగలలేదు. చేపలతట్ట ఆవిడ లేచి నిలబడి, "పసిపిల్ల పీక కోసేసిందర్రా" అని కేకేసింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. కళ్ళకి ఎలా కనపడిందో అలా అరిచింది.

ఇక్కడ నేను చెప్పడం ఆపి, వరండాలో ఉన్న నా భర్తని లోపలికి పిలిపించమని వేడుకున్నాను. మేజిస్ట్రేటు గారు ఎందుకని అడిగారు. ఇప్పుడు చెప్పబోయేది ఆయనకి తెలియదని, మరొకరి నోటినుంచి ఆయన వినకూడదని చెప్పాను. పిల్ల పోయినప్పటినుంచి ఆయన చెట్టెక్కడం లేదు. అన్నం ముందు కూర్చుని, డాక్టరమ్మకి ఉరి పడాలి, పడాలి అనే ఒక్కమాట అంటున్నారు. నేను చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. బావగారు కనకరాజు గారు నిన్న మా ఇంటికి వచ్చి, "నువ్వు పడవలో స్పృహ తప్పి పడిపోయేవని చెప్పమ్మా. అంతకన్నా ఏం చెప్పినా మీ ఆయన్ని నీ చేతులతో గోదాట్లో తోసినట్టే," అన్నారు. బావగారు ఆ రోజు రేవులోనే ఉన్నారు, ఆయనకి అంతా తెలుసు. తమ్ముడి మీద ప్రేమకొద్దీ డాక్టరు గారి మీద ఫిర్యాదు ఇచ్చారు. కాని చెయ్యి విరిగి ఆసుపత్రిలో పోలీసు కాపలాలో ఉన్న మనిషి నా పిల్లకి ఊపిరి పోసిన మనిషి. నాకు రెండు దారులు లేవు.

నా భర్త లోపలికి వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయన వింటుండగా మిగతాది చెబుతున్నాను.

ఆయన నడుంలోతు నీళ్ళలోకి దూకి పడవ దగ్గరికి వచ్చారు. పిల్ల మెడ, రక్తం, గొట్టం చూశారు. పిల్ల ఏడుస్తోంది, గొంతు రావడం లేదు. నేను వద్దు వద్దు అంటూనే ఉన్నాను. ఒక్క లాగుతో గొట్టం లాగి నీళ్ళలో విసిరేశారు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, రక్తం ఆగాలని గాయం మీద గట్టిగా నొక్కి, పిల్లని భుజాన వేసుకుని బండికేసి పరిగెత్తారు. జనం డాక్టరు గారిని జుట్టు పట్టి బురదలోకి ఈడ్చారు. పడవ గెడతో చేతి మీద కొట్టారు. ఎవరు కొట్టారో చూడలేదు. ఆవిడ కొట్టొద్దని అనలేదు. "మూయకండి, గాలి అందదు, చెయ్యి తియ్యమనండి," అని అరిచారు. నేనూ అదే అరిచాను. నాకు పిచ్చెత్తిందని ఇద్దరు ఆడవాళ్ళు నన్ను పట్టుకుని వదల్లేదు. ఆయన భుజం మీదినుంచి భూలక్ష్మి కాళ్ళు కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది.

విడిపించుకుని బండి దగ్గరికి వెళ్ళేసరికి కాళ్ళు కదలడం లేదు. ఆయన తువ్వాలు అలాగే నొక్కి పట్టుకుని ఉన్నారు. నన్ను చూసి, "ఆగిపోయింది కాంతం. రక్తం ఆగిపోయింది, చూడు," అన్నారు.

నేను చూశాను.

ఇది విని నా భర్త నన్ను అడిగారు: "కాళ్ళు కొట్టుకుంది నొప్పికి కాదా?"

"కాదండీ. గాలికి," అన్నాను.

మేజిస్ట్రేటు గారు ఆయనతో, నువ్వు ఏమీ చెప్పనక్కరలేదు, చెబితే నీ మీదికి రావచ్చు, ఆలోచించుకో అన్నారు. ఆయన చేతులు కట్టుకుని, "నా మీదికి రానివ్వండి బాబూ. ఆ డాక్టరమ్మ గారిని మాత్రం వదిలెయ్యండి," అన్నారు. తరవాత నేలమీద కూలబడ్డారు. బంట్రోతు మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోలేదు.

నా భర్త పిల్లని చంపాలని ఆ పని చెయ్యలేదు. బతికించుకోవాలని చేశారు. డాక్టరు రాహేలు గారు కూడా బతికించాలనే చేశారు. ఆవిడకి ఎలా చెయ్యాలో తెలుసు, ఆయనకి తెలియదు. ఇద్దరిలో ఎవరినీ శిక్షించమని నేను కోరను. ఎవరో ఒకరికి శిక్ష పడకతప్పదంటే డాక్టరు గారికి మాత్రం పడకూడదు. మేజిస్ట్రేటు గారు ఆవిడ మీద కాపలా ఈ రోజే తీయిస్తామన్నారు. నా భర్త సంగతి అడిగాను. అది తరవాత విచారిస్తామన్నారు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నా భర్త కూడా మొదటినుంచి చివరిదాకా విన్నారు. నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతం లేదు. నా కూతురి మీద ప్రమాణంగా ఇందులో అబద్ధం లేదు.

గుత్తుల కాంతం, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

(సాక్షి చెయ్యి నిలవనందువల్ల మొదటి ముద్ర చెదిరిపోయినది. భర్త నూకరాజు లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకొనగా రెండవ ముద్ర తీసుకోబడినది. — మేజిస్ట్రేటు)