రాక్షసి గురించి ఒక్క ముక్క

అక్క తాను తయారుచేసిన ఆటలో తమ్ముడు కత్తితో ఎదుర్కోవాల్సిన రాక్షసి చరిత్ర మూడో పేజీ చదువుతోంది. గుప్పిట్లో పాచికలతో కూర్చున్న తమ్ముడికి ఓపిక నశించింది.

"దాని ముత్తాత గొడవ నాకెందుకక్కా? ఎన్ని దెబ్బలకి చస్తుందో చెప్పు చాలు."

"రెండు వారాలు కూర్చుని పన్నెండు పేజీలు రాశాన్రా."

"ఒక్క ముక్కలో చెప్పు."

"సరే. గుహలో దానికి మూడు పిల్లలున్నాయి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదవి."

తమ్ముడికి చేతిలో పాచికలు బరువెక్కినట్టనిపించింది.

"పాపం, పోనీలే. కత్తి కింద పెట్టేస్తున్నా."

"నిజంగా పెట్టేశావా?"

"పెట్టేశాను."

"అయితే అది నిన్ను ఈడ్చుకెళ్ళి పిల్లలకి పెట్టింది."

"అన్యాయం అక్కా. ముందే చెప్పాలిగా."

"జాలిపడ్డవాళ్ళనే ముందు పట్టుకుంటుందని నాలుగో పేజీలో రాశాను. విననన్నది నువ్వేగా."