ఎడారిలో శంకరయ్య గులాబీ తోట

"నేనేం మొనగాణ్ని గాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న," అన్నాడు శంకరయ్య.

ఆయన నోట ఆ మాట వచ్చిందంటే కథ మొదలైందని మొయినాబాద్‌లో అంతమ్మ చాయ్ కొట్టుకు వచ్చేవాళ్లందరికీ తెలుసు. భిక్షం బల్ల మీద జరిగి చోటిచ్చాడు. ఏజెంటు ధనరాజ్ అందరికీ చాయ్, శంకరయ్యకు చాయ్‌తో పాటు బన్ను చెప్పాడు. గల్ఫ్‌కు కొత్తగా ఎవరిని పంపుతున్నా ధనరాజ్ వాళ్లను ముందు ఇక్కడికి తీసుకొచ్చి ఈ కథ వినిపిస్తాడు. అప్పట్లో శంకరయ్యను పంపింది కూడా ఆయనే.

రమ కూర్చోలేదు. కొట్టు గుంజకు ఆనుకొని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. గచ్చిబౌలి కంపెనీల క్యాబులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. మూడు దాటింది. నాలుగింటికి సుమో వస్తుంది. ఆమె భర్త జగదీశ్ అందులో బేగంపేట విమానాశ్రయానికి పోతాడు, అక్కణ్నుంచి కువైట్. లారీ డ్రైవర్ పని. ఆ లారీ ఏ రోడ్డు మీద తిరుగుతుంది, ఇరాక్ దిక్కు పోతుందా అని రమ వారం రోజులుగా అడుగుతున్నది. "పెద్ద రోడ్డే చెల్లె," అని ధనరాజ్ నవ్వుతున్నాడు. పాస్‌పోర్టు ఆయన చేతిసంచిలోనే ఉంది.

మోకిలలో కొత్తగా ఇల్లు కట్టుకున్న వెంకటరావు సారు తమ కంపెనీ క్యాబు నడపమని రెండుసార్లు కబురు పెట్టాడు. జగదీశ్ వినలేదు. వీసా వచ్చినందుకు పొద్దున్నే చిలుకూరు గుడికి పోయి నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి వచ్చాడు. ప్రదక్షిణల లెక్కకు గళ్లన్నీ కొట్టేసిన కార్డు, బల్ల మీద కూర్చున్న అతని అంగి జేబులోంచి ఇంకా తొంగి చూస్తున్నది.

రమకు అయిదో నెల. పోయినోళ్లు తిరిగొస్తరా అని ఆమె నిన్న ఏడిస్తే, "శంకరయ్య పెద్దబాపు రాలేదా? పద్నాలుగు నెలలు దొంగల చేతిల ఉండి దొర లెక్క వచ్చిండు. నువ్వే వచ్చి విను," అన్నాడు జగదీశ్. అందుకే వచ్చింది. ఈ ముసలాయన చెప్పేది నిజమో కాదో సుమో వచ్చేలోగా ఆమెకు తేలాలి.

శంకరయ్య బన్ను తుంచి చాయ్‌లో ముంచాడు.

"కువైట్ లారీల నేను క్లీనర్ని. ఇరాక్ సరిహద్దు దాటి యాభై కిలోమీటర్లు పోయినమో లేదో, మూతులకు బట్టలు కట్టుకొని అయిదుగురు అడ్డమొచ్చిన్రు. డ్రైవర్ దిగి ఉరికిండు. నేను ఉరకలే. మన సురంగల్ ఊర్ల పుట్టినోణ్ని, ఎందుకురకాలె? కిందికి దిగి, 'ఏం గావాలె భాయ్?' అన్న."

"ఏ భాషల అన్నవే?" అన్నాడు భిక్షం.

"ఉర్దూలనే. తుపాకి వట్టుకున్నోనికి ఉర్దూ రాకున్నా మర్యాద సమజైతది. నా కాళ్లు చేతులు కట్టి ఒక అర్రల ఏసిన్రు. ఆ ముడి జూస్తే నాకు నవ్వొచ్చింది. మనం గుడిమల్కాపూర్ మార్కెట్టుకు గులాబీ కట్టలు కట్టుకుంట పెరిగినోళ్లం. గట్ల కడితే మెహదీపట్నం రాకముందే పువ్వులన్నీ రాలిపోతయి. నేనే విప్పుకొని, ముడి ఎట్లెయ్యాల్నో వాళ్లకు నేర్పి, మల్ల నన్ను నేనే కట్టుకున్న."

"నిన్ను నువ్వేనా?"

"మరి? పని పనే గద!"

బల్ల మీద నవ్వులు లేచాయి. అందరికంటే గట్టిగా జగదీశ్ నవ్వాడు. రమ రోడ్డు వైపు నుంచి ఇటు తిరిగింది. శంకరయ్య బన్ను సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి అంగి లోపలి జేబులో పెట్టుకున్నాడు. పైనుంచి ఒకసారి తడుముకున్నాడు. అంతమ్మ చూసీ చూడనట్టు గ్లాసులు కడుక్కుంటున్నది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ల సర్దార్ వచ్చి, 'గింత పనిమంతున్ని ఎక్కడా చూడలే, నాకొక తోట పెట్టు' అన్నడు. ఇసుకల ఏం తోట? బోరు లేదు, కరెంటు లేదు. ఒక చెంచ అడిగిన. చెంచతోని తవ్వుడు షురూ జేసిన. ఇరవై అడుగులు, రెండొందలు, ఆరొందలు..."

"చెంచతోని ఆరొందల అడుగులా! మా పొలంల మిషిను వెట్టినా దుమ్మే లేచింది గదనే!"

"నీ పొలంల నేను తవ్వలే గద భిక్షం! ఆరొందల పది కాడ తడి తగిలింది. నీళ్లు ఎట్ల లేచినయంటే, ఒంటె మీద కూసున్నోడు ఒంటెతోని సహా తాటిచెట్టంత ఎత్తుకు పోయి ఆడనే ఆగిండు. మూడు దినాలకు దిగిండు. అప్పటిదాంక అన్నం కిందికెళ్లి విసిరినం."

"ఒంటెకో?"

"ఒంటె ఉపాసం. ఇగ గులాబీలు పూసినయి జూడు, ఒక్కో పువ్వు గంపంత! ఆ వాసనకు తుపాకులు చేతులకెళ్లి జారి కిందవడ్డయి. యుద్ధం జేసెటోళ్లు రెండు దిక్కులకెళ్లి వచ్చి, ఒకటే వరుసల నిలబడి పువ్వులు తీస్కపోయిన్రు. నా పువ్వులు ఒడిసేదాంక యుద్ధం బంద్!"

రమ మొదటిసారి నోరు విప్పింది. "తిండికేం పెట్టిన్రు మామా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. శంకరయ్య చాయ్ ఒక గుక్క తాగాడు.

"తిండా? తిండికేం ఫికర్ కోడలా! పొద్దున యాటను కోసి కూర, మధ్యాహ్నం యాట కూర, రాత్రికి యాట కూర. నేను వద్దంటే సర్దార్ భార్య కండ్లనీళ్లు వెట్టుకొని తినిపిచ్చేది. యాభై కిలోలోణ్ని తొంభై అయిన. కూసున్న కుర్చీలన్నీ విరిగినయి."

ఆయన అంగి కర్రకు తొడిగినట్టు ఉంది. మెడ ఎముకలు కొట్టు అవతలికి కూడా కనిపిస్తాయి.

"విన్నవా చెల్లె?" అన్నాడు ధనరాజ్. "దొంగలే గిట్ల చూసుకున్నరంటే, ఇగ కంపెనోళ్లు ఎంత మంచిగ చూసుకుంటరు?"

జగదీశ్ తలాడించాడు. అంతలో సుమో వచ్చి ఆగింది. చెప్పిన టైము కంటే ముందే. డ్రైవర్ హారన్ కొట్టాడు. జగదీశ్ బ్యాగు భుజానికేసుకొని, "ఒక్క నిమిషమన్నా, పెద్దబాపు ఎట్ల తప్పించుకున్నడో ఇని పోదాం," అన్నాడు.

"నేనెందుకు తప్పించుకుంట?" శంకరయ్య గొంతు పెంచాడు. "సర్దార్ తన కుర్చీ నాకిచ్చిండు. 'ఇంటికాడ నారు పొయ్యాలె, ఉండలేను' అన్న. ఊరు ఊరంత ఏడ్చింది. ఒంటెనెక్కి సముద్రంల దిగిన."

"సముద్రంల ఒంటెనా?"

"ఈత నేర్పిన! సీదా మన హిమాయత్‌సాగర్ చెరువుల తేలిన. గేట్లు మూసి ఉంటే ఒంటె కట్ట మీదికెళ్లి దుంకింది. ఆ తర్వాత ఏమైందో..."

డ్రైవర్ సుమో వెనక తలుపు తెరిచి చూసి, ధడాలున మూశాడు. శంకరయ్య భుజాలు ముడుచుకుపోయాయి. చెయ్యి తనంతట తానే అంగి లోపలికి పోయి, జేబును గట్టిగా పట్టుకుంది.

రమ చూసింది. నవ్వుతున్న వాళ్లెవరూ చూడలేదు.

"మామా, ఒక్కటే చెప్పు. మూడు పూటల యాట కూర తిన్నోనివి, ఆ సగం బన్ను జేబుల ఎందుకు దాసుకున్నవ్?"

"ఏ బన్ను? ఓ, అదా... కుక్కకు కోడలా."

"ఏ కుక్కకు శంకరన్నా?" అంతమ్మ గ్లాసు కింద పెట్టింది. "నువ్వొచ్చిన కాడికెళ్లి జూస్తున్న. ఎప్పుడూ సగమే తింటవ్. మా కుక్క నీ ఎంట తిరిగి తిరిగి యాష్టకొచ్చింది, ఒక్క ముక్క వెయ్యలే."

శంకరయ్య మెల్లగా జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఇంకొకటి. తర్వాత మూడోది. అది బల్లకు తగిలితే రాయి పెట్టినట్టు చప్పుడైంది.

"పొద్దున ఒక్క రొట్టె ఏస్తుండె," అన్నాడు పొట్లాలను చూస్తూ. "మల్ల ఎప్పుడేస్తరో తెల్వకుండె. తలుపు సప్పుడైతే రొట్టెకో, బయటికి తీస్కపోయేటందుకో తెల్వకుండె. ఆ అర్రల నలుగురం. తీస్కపోయినోళ్లు మల్ల రాలే."

రోడ్డు మీద క్యాబులు పోతూనే ఉన్నాయి. భిక్షం, ఎప్పటిలా కాకుండా చిన్న గొంతుతో అడిగాడు.

"ఆ తర్వాత ఏమైందే?"

"ఏం గాలే భిక్షం. పద్నాలుగు నెలలు గంతే."

ధనరాజ్ లేచి చొక్కా దులుపుకున్నాడు. "ముసలాయన మాటలకేమున్నది, అన్నీ కోతలే. నడువ్ జగదీశ్, టైం అయితున్నది."

జగదీశ్ మూడో పొట్లాన్ని చూస్తున్నాడు. భుజం మీది బ్యాగు రమ కాళ్ల దగ్గర దించి, చెయ్యి చాపాడు.

"పాస్‌పోర్ట్ ఇయ్యన్నా."

"ఎయిర్‌పోర్టుల ఇస్త అన్న గద."

"నేను బండెక్కుత లేను. ఈన్నే ఇయ్యి."

ధనరాజ్ సంచిని చంకలోకి నొక్కుకొని చుట్టూ చూశాడు. భిక్షం లేచి నిలబడ్డాడు. అంతమ్మ చేతులు తుడుచుకుంటూ కొట్టు ముందుకొచ్చింది. కాసేపయ్యాక సంచి జిప్పు తీసిన చప్పుడు వినిపించింది.

డ్రైవర్ ముందు తలుపు తెరిచే ఉంచి ఎదురుచూస్తున్నాడు. శంకరయ్య బల్ల మీంచి లేచి సుమో దగ్గరికి పోయి, రెండు చేతులతో ఆ తలుపును చప్పుడు కాకుండా మూశాడు.