చాక్లెట్ షాపు మీద ఫిర్యాదు

డాక్టర్ జ్ఞానప్రసూన క్లినిక్ నుంచి ఇంటికి వచ్చేసరికి, భర్త ద్వారకానాథ్ హాల్లో కిటికీల బ్లైండ్లన్నీ దించేసి కూర్చుని ఉన్నాడు.

"తలుపు లాక్ చేశావా?"

"చేశానండీ. ఏమిటీ చీకటి? ఆఫీసుకి వెళ్ళలేదా?"

"మధ్యలో వచ్చేశాను. ప్రసూనా, మళ్ళీ ఫోన్ చేసి పొరపాటు పడ్డానని చెప్పు."

"ఎవరికి?"

"చైత్ర స్కూలు ఎదురుగా ఉన్న చాక్లెట్ షాపు మీద హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి కంప్లయింట్ ఇచ్చావుగా, వాళ్ళకి."

"పొరపాటేముంది? పైన చాక్లెట్లు, కౌంటర్ కింద వేప్‌లు, ఆ ఎలక్ట్రానిక్ సిగరెట్లు. మొన్న ఇయర్ సెవెన్, అంటే ఏడో క్లాసు పిల్లని తీసుకొచ్చారు నా దగ్గరికి. మెట్లెక్కితే ఆయాసం. పొద్దున్నే అది పీల్చకపోతే చేతులు వణుకుతున్నాయిట. మన చైత్ర కంటే రెండేళ్ళు చిన్నది."

"తెలుసు. చెప్పావు."

"మరి?"

"మరి లేదూ గిరి లేదూ. వదిలెయ్."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అన్లేదు."

"నా మొహం చూసి చెప్పండి."

"వెర్రిబీ రైల్వే స్టేషన్ కార్‌పార్క్‌లో ఒకతను కలిశాడు. షాపు వాళ్ళ మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. డాక్టర్‌గారు కులాసాయేనా అన్నట్టు అడిగాడు."

"నేనని వాళ్ళకెలా తెలిసింది? పేరు చెప్పకుండా ఫోన్ చేశాను. మీకూ చైత్రకీ తప్ప..."

"అదే."

"అదే అంటే?"

"నేనైతే చెప్పలేదు."

"చైత్రెందుకు చెప్తుంది? దానికి ఆ షాపుతో ఏం పని? ఏమండీ, అది కూడా పీలుస్తోందా?"

"లేదట."

"హమ్మయ్య."

"అది పీల్చదు ప్రసూనా. చిన్న క్లాసుల పిల్లలకి అమ్మిపెడుతోంది."

"ఎవరు చెప్పారు? వాడా? వాడి మాట నమ్మి..."

"ఇంటికి రాగానే దాన్నే అడిగాను. ముందు 'నో డాడ్, నో' అంది. తర్వాత బ్యాగు తెచ్చి నా ముందు పెట్టింది."

"ఏదీ అది? పైనుందా?"

"లేపకు. ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుంది. మానేస్తానంది."

"మానేస్తుంది. రేపట్నుంచి స్కూలూ వద్దు, ఏమీ వద్దు. ముందు పోలీసులకి ఫోన్ చేస్తాను. ఫోన్ ఇవ్వండి. ఇవ్వండీ, ఎందుకలా పట్టుకుంటారు?"

"వెళ్ళేటప్పుడు అతను ఒకటే చెప్పాడు. రేపు చైత్రని స్కూలు మాన్పించొద్దని. గేటు దగ్గర చూస్తూ ఉంటాట్ట."