చెరిగిపోయిన గుండ్రం

పాప మెడ మీది కణితి చుట్టూ నర్సు పెన్నుతో గీసిన గుండ్రం స్నానంలో చెరిగిపోయింది. తల్లి పాపనెత్తుకుని వార్డులో ఉన్న నర్సు దగ్గరికి పరుగెత్తింది.

"సిస్టర్, బుద్ధి గడ్డితిని సబ్బుతో రుద్దేశాను. ఇక కొలవలేరా? మందు ఆపేస్తారా?"

"కొంపేం మునగలేదమ్మా. తడిమి చూసి మళ్లీ గీస్తాను."

"పాపకి వేసిన ఆ సూదిమందులోని నానో రేణువులు పనిచేస్తున్నాయంటారా?"

"అవి కణితి ఆనవాలు మోసుకెళ్లి రక్షణ కణాలకు చూపిస్తాయి. ఆ కణాలే దాన్ని తరమాలి."

"ఏంటి, మెడంతా అలా తడిమి వెతుకుతున్నారు?"

"పోయినసారి గోళీకాయంత ఉండేది!"

"నేను గీత చెరిపినందుకే దొరకట్లేదా?"

"పిచ్చితల్లీ, గీత కాదు, కణితే లేదు! డాక్టరుగారూ, త్వరగా రండి! స్కాన్ చేసి చూద్దాం!"

"మరి గుండ్రం ఎక్కడ గీస్తారు?"

"పాప అరచేతిలో, కళ్లూ మూతీ పెట్టి. దీన్ని మాత్రం సబ్బుతో రుద్దావో, ఊరుకోను!"